మ్యాచింగ్ కంటికి స్కాన్

పాలకొల్లులో మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపడే జాకెట్టు ముక్క, ఫాల్ తీసివ్వడం నా పని. గల్లాపెట్టె మా ఆయనది. కనకాంబరం రంగుకూ నారింజ రంగుకూ ఆ మహానుభావుడికి ఇప్పటికీ తేడా తెలియదు.

షుగర్ వల్ల నా కంటి వెనక రక్తనాళాలు పాడైనట్టున్నాయని మా ఊరి కంటి డాక్టరు గారు అనుమానపడ్డారు. కొత్త నాళాలు పుట్టి చిట్లితే చూపే పోవచ్చునట. రాజమండ్రి వెళ్లి స్కాన్ తీయించుకోమన్నారు. బస్సులో మా ఆయన పక్కనే కూర్చుని వేళాకోళాలాడుతున్నా, దారిపొడవునా నాకు అదే దిగులు. చూపు మసకబారితే నేను కొట్లో ఎందుకు పనికొస్తాను?

స్కాన్ తీసే అమ్మాయి నా గడ్డాన్ని మిషన్‌కు ఆనించి, "లోపల పచ్చ గుర్తు కనిపిస్తుందండి. దాన్నే చూడండి, కన్ను కదపకండి" అంది. సూది లేదు, మందు ఎక్కించడం లేదు. ఆ మాత్రం చేయలేనా అనుకున్నాను. చేయలేకపోయాను! ఒక రంగు కనబడితే పక్క రంగుతో పోల్చి చూడకుండా ఉండలేను కదా. నా చూపు గుర్తు మీంచి పక్కనున్న ఎర్ర గీత మీదకు, అక్కణ్ణుంచి మళ్లీ గుర్తు మీదకు పోతూనే ఉంది. ఫోటో చెదిరింది. మళ్లీ తీస్తే మళ్లీ చెదిరింది.

"ఎటు చూస్తున్నారు ఆంటీ?"

"అది పచ్చ కాదమ్మా, చిలకాకుపచ్చ. ఆ ఎరుపు పక్కన అసలు నప్పలేదు."

"ఇక్కడ కూడా మొదలెట్టావా తల్లీ!" అన్నారు మా ఆయన వెనకనుంచి.

ఒళ్లు మండింది. "మీరు కాస్త నోరు మూసుకుంటారా!" అని, ఆ కోపంలోనే బిగుసుకుపోయి గుర్తును చూస్తూ కూర్చున్నాను. ఈసారి ఫోటో శుభ్రంగా వచ్చింది.

డాక్టరు గారు కంప్యూటర్ తెర మీద నా కంటి నాళాలు చూపించారు, నల్లటి బట్ట మీద సన్నటి లేసు అల్లినట్టు. "అక్కడక్కడా చిన్న ఉబ్బులున్నాయి గానీ కొత్త నాళాలేమీ పుట్టలేదండి. ఇంజెక్షన్లు అక్కర్లేదు. షుగర్ అదుపులో పెట్టుకోండి, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి."

"కొట్లో కూర్చోవచ్చాండీ?"

"నిక్షేపంగా!"

బయటికి రాగానే సంతోషం పట్టలేక మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన మెట్లు దిగకుండా అక్కడే ఆగిపోయారు.

"ఏంటండీ, మీకేమైంది?"

"నీకు చూపు ఆనకపోతే కొట్టు మూసేద్దామనుకున్నానే. నువ్వు లేకుండా నేనొక్కణ్ణే అక్కడ ఎలా కూర్చుంటాను?" అని, పొద్దుట్నుంచీ నన్ను ఆటపట్టించిన మనిషి ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేశారు.

"ఊరుకోండి, అందరూ చూస్తున్నారు" అని కసిరాను గానీ, నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!