గురమ్మ తాళికి ఎమ్మారై పరీక్ష

మా పెద్దమ్మ గురమ్మ తాళికి బంగారం కంటే పిన్నీసులే ఎక్కువ. ఓర్వకల్లు చేలల్లో ఎవరి కాల్లో తుమ్మముల్లు దిగినా కుంటుకుంటూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. తాళికున్న పిన్నీసు విప్పి, "గమ్మునుండు, సచ్చిపోతాండావా ఏమి?" అని కసురుతూ ముల్లు తీసేది.

అట్లాంటి మనిషిని రెండువేల నాలుగులో తలనొప్పి పట్టుకుంది. ఒకరోజు చేన్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. తలలో గడ్డ ఉందేమో, ఎమ్మారై తీయించండన్నాడు డాక్టరు. "దానికి తలకాయంటూ ఉంటే గదా గడ్డ ఉండేది" అన్నాడు ఆమె మొగుడు, మా పెద్దనాయన వెంకటేశ్వర్లు. నాకు ఒళ్లు మండింది. అయితే ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

కర్నూలు స్కానింగు సెంటర్లో మధులత అనే అమ్మాయి మిషను నడిపేది. పాపం, ఓపికగా చెప్పింది.

"ఇది పెద్ద అయస్కాంతం పెద్దమ్మా, ఎక్స్‌రే కాదు. మన ఒంట్లో నీళ్లుంటాయి గదా, ఆ నీళ్లలోని హైడ్రోజన్ కణాలు దీని బలానికి ఒక దిక్కుకు తిరుగుతాయి. రేడియో తరంగాలతో వాటిని కదిలిస్తాం. మళ్లీ సర్దుకునేటప్పుడు అవి సన్నగా సంకేతమిస్తాయి. దాన్నిబట్టి కంప్యూటరు బొమ్మ గీస్తుంది. మెదడు, వెన్నుపాము, కీళ్లు, అన్నీ కోయకుండానే కనపడతాయి."

పెద్దనాయన లేచి నిలబడ్డాడు. "నీళ్లు కనిపెడతాదా? అయితే దీన్ని మా చేన్లోకి తోలుకురామ్మా. యాడ బోరేసినా దుమ్మే లేస్తాండాది."

"ముప్పై ఏండ్ల కిందట దీనికి దారి చూపినోళ్లకు పోయినేడే నోబెల్ ఇచ్చినారు" అని నేను తెలివి చూపించబోయాను.

"ముందు వాళ్ల పెండ్లాలను పండబెట్టినారా దీంట్లో?" అంది పెద్దమ్మ.

"ఒంటిమీద ఇనుమేమన్నా ఉందా?" అని అడిగింది మధులత.

"ఇనుమా? నేనేమన్నా నాగలినా? బంగారు తాళి, వెండి మెట్టెలు, అంతే." ఎన్నేళ్లుగానో అక్కడే వేలాడుతున్న పిన్నీసులు ఆమె లెక్కలోకే రాలేదు. బంగారమైతే ఫరవాలేదని ఆ అమ్మాయి గౌను తొడిగి లోపలికి తీసుకుపోయింది.

తలుపు దాటిందో లేదో తాళి దానంతటదే గౌను లోంచి పైకి లేచి, మిషను వైపు నిక్కి నిలబడింది!

"ఓరి దేవుడో! నా తాళి పెరుక్కుంటాండాదే!" అని కేకపెట్టి, రెండు చేతులా పట్టుకుని పెద్దమ్మ బయటికి ఉరికింది. పిన్నీసులు చూసి మధులత తల పట్టుకుంది. ఇక ఒంటిమీద ఏదీ వద్దు, తాళి కూడా తీయాల్సిందే అంది.

"తీస్తే ఈయన పానానికేమన్నా అయితే? గడ్డ ఉంటే ఉండనీ. ఇంటికి పాండి" అని పెద్దమ్మ మొండికేసింది. నేను బతిమాలాను, కసిరాను. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

అప్పుడు పెద్దనాయన తలగుడ్డ తీసి, ఆమె ముందు మెడ వంచాడు. "నా మెడలో ఎయ్యి. నా పానం నా దగ్గరే ఉంటే నీకేం భయం?"

ఆమెకు అది న్యాయంగానే తోచినట్టుంది, వేసింది.

అంతమంది చూస్తుండగా ఆ గుబురు మీసాలాయన పసుపుతాడూ పిన్నీసులూ వేలాడేసుకుని వరండాలో కూర్చున్నాడు. లోపల మిషను టకటకా మోగినప్పుడల్లా తాళిని గట్టిగా పట్టుకున్నాడు. ఎవడో ఇకిలిస్తే నేనే కొట్లాటకు పోయాను.

చివరికి డాక్టరు ఫిల్ములు చూసి, గడ్డా లేదు గిడ్డా లేదు, ఉత్త పార్శ్వపు తలనొప్పి అన్నాడు. పెద్దనాయన అక్కడే నేలమీద కూలబడి బావురుమన్నాడు.

"గడ్డ లేదంటే ఏడుస్తాండావేమయ్యా?" అంది పెద్దమ్మ.

"అర్ధగంటకే నాకు పానం పోయినంత పనాయె" అన్నాడు ఆయన, మెడలోని తాళి తీసి ఆమె చేతిలో పెడుతూ. "ఇన్నేండ్లు ఎట్ల మోసినావే దీన్ని?"