కాటా దిగాక పడే కొసరు

కరోనా రావడానికి ఏడాది ముందు నన్ను తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా బాపట్ల నుంచి తెనాలికి బదిలీ చేశారు. రేపల్లె ప్రాంతానికి అప్పట్లో వేరే మనిషి లేకపోవడంతో దాన్ని కూడా అదనపు బాధ్యతగా నాకే అప్పగించారు. నేను చెప్పబోయే సంగతి ఆ వేసవి మొదట్లో రేపల్లెలో జరిగింది.

మా శాఖ గురించి జనానికి తెలిసింది తక్కువ. వ్యాపారానికి వాడే ప్రతి కాటానూ గడువు ప్రకారం పరీక్షించి, సరిగా ఉంటే సీసం సీలు మీద ముద్ర వేయడం మా పని. దాన్నే స్టాంపింగ్ అంటాం. తేడా ఉంటే బాగుచేయించమని నోటీసు ఇస్తాం, మోసం ఉంటే కేసు రాస్తాం. ఊళ్ళల్లో ఇందుకోసం క్యాంపులు పెడితే కొట్లవాళ్ళు కాటాలు చంకన పెట్టుకుని వస్తారు. ఇన్‌స్పెక్టరు వెంట ప్రామాణిక రాళ్ళ పెట్టె ఒకటి ఉంటుంది. అందులోని రాళ్ళను ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, చేతి చెమట కూడా బరువే. మా అటెండరు వెంకటేశ్వర్లు రేపల్లె ప్యాసింజరులో ఆ పెట్టెను సీటు మీద కూర్చోబెట్టి తాను నిలబడేవాడు.

ఈ ఉద్యోగం వల్ల మా ఇంటికి ఒక నష్టం ఉండేది. ఎవరికైనా తూకం అయ్యాక సంచిలో పైన ఒక గుప్పెడు పడుతుంది. కూరల్లోనైతే రెండు పచ్చిమిరపకాయలో, ఓ కరివేపాకు రెబ్బో పడుతుంది. దాన్నే కొసరు అంటాం. నా సంచిలో మాత్రం సర్వీసు మొత్తం మీద ఒక్కసారీ పడలేదు. నన్ను చూడగానే కొట్టువాడు గ్రాము అటూ ఇటూ కాకుండా తూచి దణ్ణం పెట్టేవాడు. తక్కువైతే కేసవుతుందనీ, ఎక్కువైతే లంచమంటానేమోననీ వాడి భయం. మా ఆవిడ అన్నపూర్ణ, "మీ పుణ్యమా అని కరివేపాకు కూడా కొనుక్కోవాల్సొస్తోంది" అని దెప్పిపొడిచేది. చివరికి నన్ను ఇంట్లో వదిలేసి తనొక్కతే బజారుకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఆవిడ ఎవరి తాలూకో తెనాలి బజారు ఎంతో కాలం పట్టకుండానే కనిపెట్టేసింది.

రేపల్లె క్యాంపు రోజున, కాటాల వరసలో ఉత్త చేతులతో ఒకావిడ నిలబడి ఉంది. పేరు నాగేంద్రమ్మ. భర్త నిజాంపట్నం హార్బరులో ఒకరి బోటు మీద చేపల వేటకు వెళతాడు. తన వంతు వచ్చేసరికి ఆమె కాస్త తడబడింది.

"మాది కొట్టు కాటా కాదండి, ఇళ్ళవాళ్ళదండి. అయినా చూస్తారాండి?"

సంగతేమిటని అడిగితే చెప్పింది. వాళ్ళ వీధిలో పదీ పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి నెల సరుకు తెచ్చుకుంటున్నారు. బియ్యం పొన్నూరు మిల్లు నుంచి, పప్పులూ చింతపండూ ఎండుమిర్చీ తెనాలిలో టోకు కొట్టు నుంచి. మూటల లెక్కన కొని, ఆటోలో వేసుకొచ్చి, వీధిలోనే వాటాలు పంచుకుంటారు. ఒక్కో ఇల్లు వీధి చివరి కొట్లో పావుకిలో పొట్లాలుగా కొనే రోజులతో పోలిస్తే కనపడేంత మిగులుతోంది. అందరూ తలాకొంత వేసుకుని ఎలక్ట్రానిక్ కాటా కూడా కొన్నారు. తూచే పని ఖాసింబీ అనే ఆవిడది. నాగేంద్రమ్మది వీధిలో ఆఖరి ఇల్లు కాబట్టి ఆఖరి వాటా ఆమెది. ఆ ఆఖరి వాటా ప్రతి నెలా తగ్గుతోంది.

మొదట టోకు కొట్టును అనుమానించారట. అక్కడే నిలబడి తూయించుకుంటే మూటలు నిండుగానే ఉన్నాయి. ఇక మిగిలింది కాటా. రెండు వారాల్లో, ఏటా రెండు నెలలుండే సముద్రవేట నిషేధం మొదలవుతుంది, ఆ రెండు నెలలూ బోటు కదలదు, ఇంట్లో పైసా పుట్టదు. ఆ రోజులకని ఆమె వాటాలోంచి కొంచెం కొంచెం దాస్తూ వస్తోంది. వాటాయే తగ్గితే దాచేది ఏముంటుంది? పాతకాలంలా అప్పు పెట్టి పొట్లాలు తెచ్చుకోవడమే గతి అంది.

మన పరిధిలోకి రాదు సార్ అని వెంకటేశ్వర్లు నా చెవిలో ఊదాడు. నిజమే, వ్యాపారం లేనిచోట మా ముద్రకు పనిలేదు. కానీ పరీక్షించని కాటా ఒకటి ఊళ్ళో తిరుగుతోందంటే నాకు అన్నం సయించదు. క్యాంపు ముగించి, పెట్టె మోయించుకుని వాళ్ళ వీధికి వెళ్ళాను. ఆ రోజే తెనాలి నుంచి సరుకు దిగింది.

పంపకం ఖాసింబీ ఇంటి వరండాలో. ఆమె భర్త టైలరు, కుట్టు మిషన్‌ను గోడవారకు జరిపి తాను బయటికి తప్పుకున్నాడు. ఆడవాళ్ళందరూ సంచులతో అప్పటికే చేరారు. ఖాసింబీ ముఖం చూస్తే ముందు రాత్రి నిద్రపోయినట్టు లేదు. వాళ్ళమ్మ కూరలమ్మి పెంచిన పిల్లట, తక్కెడ పట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటే. నాకు మంచినీళ్ళిచ్చి, నాగేంద్రమ్మ వైపు చూడకుండా ఒక్క మాట అంది.

"కాటా తప్పయితే కాలవలో పారేద్దామండి. ఒప్పయితే మాత్రం ఇక నేను దాన్ని ముట్టుకోను. నమ్మకం లేని చోట తూచలేనండి."

అప్పటికి గానీ నాకు ఇరకాటం అర్థం కాలేదు. కాటా సరిగా ఉందని నేను తేలిస్తే, తూచే మనిషి దొంగ అని అందరిముందూ తేల్చినట్టే. ఆమె మానేస్తే ఆ పని నెత్తినేసుకునేవాళ్ళు ఆ వీధిలో లేరు. ఏది తేలినా పంపకం ఆ రోజుతో ఆఖరు.

పద్ధతి ప్రకారమే చేశాను. కాటా కింద చిన్న గాజు బిళ్ళలో నీటిబుడగ ఒకటి ఉంటుంది, అది నడిమధ్యకు వచ్చేదాకా కాటా కాళ్ళ మరలు తిప్పి మట్టం చేశాను. పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూశాను. తర్వాత చిన్న రాయి నుంచి పెద్ద రాయి దాకా పెడుతూ వెళ్ళి, తీస్తూ వెనక్కు వచ్చాను. పళ్ళెం నాలుగు మూలలా పెట్టి చూశాను. ఎక్కడా తేడా లేదు. కొత్త కాటా, శుభ్రంగా వాడిన కాటా. ఒక కాటా సరిగా ఉన్నందుకు నేను బాధపడింది సర్వీసులో అదొక్కసారే.

మాట బయటపెట్టే ముందు, పంపకం ఎప్పటిలాగే నా ముందు జరపమన్నాను. కందిపప్పు మూట విప్పారు. ముందు నేను మూట మొత్తం తూయించాను, నిండుగా ఉంది. ఖాసింబీ తూచడం మొదలుపెట్టింది. మా ఉద్యోగంలో చూపంతా అంకె మీదే ఉంటుంది. అంకె నిలబడగానే చూపు తీసి తర్వాతి తూకానికి సిద్ధమవుతాం. అలాగే చూశాను. ప్రతి సంచీ రెండు కిలోల దగ్గర కదలకుండా నిలబడింది. ఆమె చేతిలో ఇంత మోసం కూడా లేదని ప్రమాణం చేసి చెప్పగలను. అయినా నాగేంద్రమ్మ వంతు వచ్చేసరికి మూటలో ఆమెకు రావలసిన రెండు కిలోల్లో సగానికి కాస్త పైగా మాత్రమే మిగిలింది. ఖాసింబీ పప్పు తోడే డబ్బా కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇలాంటప్పుడు మా శాఖలో చేసే పని ఒకటుంది, తిరుగు తూకం. అమ్మిన సరుకును మళ్ళీ కాటా మీద పెట్టడం. అందరి సంచులూ వరసగా పెట్టమన్నాను. మొదటి సంచి రెండు కిలోలు దాటింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒక్కో సంచిలో ఓ గుప్పెడు ఎక్కువ. ఈ ఎక్కువ ఎక్కడిది అని అడిగాను.

ముందు వరసలో ఉన్న పెద్దావిడ నన్ను జాలిగా చూసింది.

"అది కొసరు గదండి. కొసరు కూడా తూకంలోకి వస్తదాండి?"

అప్పుడు అర్థమైంది. సంచి కాటా మీంచి దిగుతుంది. తీసుకునే మనిషి మూతి తెరిచి పట్టుకుని అలాగే నిలబడుతుంది. ఖాసింబీ మూటలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు వేస్తుంది, అప్పుడు గానీ ఆ మనిషి కదలదు. నా కళ్ళముందే ప్రతిసారీ జరిగింది. బజారులో పుట్టి పెరిగిన అలవాటు కాబట్టి దాన్ని చూసినట్టు ఎవరికీ అనిపించలేదు. ఖాసింబీది పైగా పెద్ద చెయ్యి, పెద్ద మనసు. బొటాబొటి తూకంతో ఎవర్నీ పంపకూడదని వాళ్ళమ్మ చెప్పిందట.

వాళ్ళకు ఒక్క మాటే చెప్పాను. కొట్లో కొసరు కొట్టువాడి లాభంలోంచి వస్తుందమ్మా, ఇక్కడ కొట్టువాడు లేడు, కొన్నదీ మీరే, పంచుకునేదీ మీరే, మరి ఈ గుప్పెళ్ళన్నీ ఎవరి లాభంలోంచి వస్తున్నాయి అని అడిగాను. ఒక్కొక్కరే నాగేంద్రమ్మ చేతిలోని ఖాళీ సంచి వైపు తిరిగారు. ముందుగా నవ్వింది నాగేంద్రమ్మే. నవ్వుతూనే వెళ్ళి ఖాసింబీ చెయ్యి పట్టుకుంది.

"ఈ చెయ్యే గదా అక్కా నా పప్పంతా తినేసింది. దొంగని పట్టుకున్నాలే."

"పోయిన నెల మిరపకాయలకి నువ్వూ ముందుకొచ్చి నిలబడి గుప్పెడు వేయించుకున్నావు గదే," అంది ఖాసింబీ, కళ్ళు తుడుచుకుంటూ. ఇక వరండా అంతా నవ్వులే. బయట నిలబడ్డ టైలరు ఏం జరిగిందోనని తొంగిచూశాడు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది, దాచుకోను. సర్వీసులో పట్టుకున్న ఏ కేసూ నాకు అంత ఆనందం ఇవ్వలేదు.

ఆ ఊపులో, ఇకనుంచి కొసరు మానేయండి, సరిపోతుంది అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. అందరి ముఖాలూ వాడిపోయాయి. కొసరు లేకుండా సంచి ఎలా ఎత్తుతామండి అని ఆ పెద్దావిడే అడిగింది. చట్టంలో దీనికి జవాబు లేదు. దారి నాగేంద్రమ్మే చెప్పింది. మూట విప్పగానే ముందు కొసరు తీసి వేరే పళ్ళెంలో పక్కన పెడదాం, మిగిలింది సమంగా తూచుకుందాం, ఆఖర్న పళ్ళెంలోది గుప్పెడు గుప్పెడు వేసుకుందాం అంది. తూకం కొద్దిగా తగ్గుతుంది, కొసరు వచ్చి దాన్ని పూడుస్తుంది. లెక్క ప్రకారం ఎవరికీ ఒక్క గింజ ఎక్కువ రాదు. ఆ మాట అనబోయి, వాళ్ళ ముఖాలు చూసి ఊరుకున్నాను. సంచులన్నీ తిరిగి మూటలోకి ఒంపి, ఆ పద్ధతిలోనే పంచారు. నాగేంద్రమ్మ వాటా నిండుగా వచ్చింది, కొసరుతో సహా.

ఆ వారం డైరీలో ఏం రాయాలో తోచక, కాటా సరిగా ఉంది, ఫిర్యాదు పరిష్కారమైంది అని రాశాను. మా అసిస్టెంట్ కంట్రోలరుగారు చదివి, కాటా సరిగా ఉంటే పప్పు ఎటు పోయిందయ్యా అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, మా ఇంట్లో నెయ్యి కూడా ఇలాగే పోతోంది అని సంతకం పెట్టారు.

వేట నిషేధం మధ్యలో ఇంకో క్యాంపుకు వెళ్ళినప్పుడు నాగేంద్రమ్మ కనపడింది. ఈసారి వీధి చివరి కొట్లో అప్పు ఖాతా తెరవలేదండి అని చెప్పింది. చేతిలో పిల్లలకని మొక్కజొన్న పొత్తులున్నాయి.

రిటైరయ్యాక బాపట్లలో స్థిరపడ్డాం. ఆ వీధి సంగతి విన్నప్పటినుంచీ అన్నపూర్ణకు అందులో చేరాలని కోరిక. ఇంత దూరం నుంచి నెలనెలా కుదరదు కాబట్టి, ఏడాదికి సరిపడా ఎండుమిర్చికీ చింతపండుకీ మమ్మల్ని కలుపుకున్నారు. మొదటిసారి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఖాసింబీ మా చింతపండు కాటా మీద పెట్టింది. అలవాటు చొప్పున నేను వంగి నీటిబుడగ చూశాను, అంకె నిలబడేదాకా చూశాను. సరిగ్గా ఉందమ్మా అని సంచి ఎత్తబోయాను. ఆమె సంచి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఇంకా సర్వీసులో ఉన్నారాండి?"

"లేదమ్మా, రిటైరయ్యాను."

"అయితే మూతి తెరిచి పట్టుకోండి అన్నయ్యగారూ."

పట్టుకున్నాను. కొసరు పళ్ళెంలోంచి గుప్పెడు పడింది. పక్కన అన్నపూర్ణ, ఇన్నాళ్ళకా అన్నట్టు నన్ను చూసి నవ్వుతోంది. తిరుగు బస్సులో ఆ సంచిని నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలనుకునే వాళ్ళకు నా ఉద్యోగ అనుభవంతో చెప్పగలిగింది కొంచెమే. పదిమంది కలిసి కొనండి. కాటాను మట్టంగా పెట్టుకోండి. కొసరును మాత్రం మూట విప్పగానే, తూకం మొదలుపెట్టక ముందే తీసి పక్కన పెట్టండి. మొదటి రెండూ ఎవరైనా చెబుతారు. మూడోది మా చట్టంలో లేదు, రేపల్లెలో నేర్చుకున్నాను.