నడిచేదాన్ని ఆపి చూసే పని

నాకు కోపం త్వరగా వస్తుంది. అందులోనూ నేను నాలుగు ఆదివారాలు కూర్చుని రాసినదాని నెత్తిన ఎవరో ఒక ఎర్ర పెట్టె తగిలించి, "ఈ వ్యాసాన్ని తొలగించాలని ప్రతిపాదన. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపండి" అంటే రాకుండా ఎలా ఉంటుంది?

రెండువేల తొమ్మిది ప్రాంతంలో అంతర్జాలంలో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి రూపుదిద్దుకుంటూ ఉండేది. ఎవరైనా రాయవచ్చు. నేను ఎలమంచిలి మీద రాశాను, ఉప్పు చేపల మీద రాశాను, ఎవరూ కిమ్మనలేదు. సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ మీద రాయగానే వచ్చిపడ్డారు.

పేరు పలకాలంటే నోరు తిరగదు గానీ పని తేలిగ్గా చెప్పవచ్చు. కంప్యూటర్ల మీద నడిచే వ్యవహారం ఆగిపోకుండా చూడటం, ఆగితే ఎలా లేస్తుందో ముందే తెలుసుకుని ఉండటం. హైదరాబాదులోని స్నేహితురాలు చెప్పేదాకా ఆ పేరు నాకూ తెలియదు. పని మాత్రం పదేళ్లుగా తెలుసు. నాకది నేర్పినాయన కంప్యూటర్ ముట్టుకుని ఎరగడు.

తొంభైల చివర, మల్కాపురం దాటాక ఉన్న ఒక బొగ్గు యార్డులో ఉద్యోగానికి చేరాను. లారీలు కాటా ఎక్కి, బరువు తూయించుకుని బయటికి పోవాలి. ఆ బరువులు నమోదు చేసే కంప్యూటర్ నా బాధ్యత. పక్క షెడ్డులో, బొగ్గు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే పంపులు ఫోర్‌మన్ గారివి. ఆయనది ఆనందపురం. యార్డంతా ఆయన్ని "బావా" అని పిలిచేది. నేను "బాబాయ్" అనేదాన్ని.

ప్రతి నెలా మొదటి సోమవారం ఆయన శుభ్రంగా నడుస్తున్న పంపును పనిగట్టుకుని ఆపేసేవాడు. పక్కనున్న స్టాండ్‌బై పంపు తనంతట తాను అందుకుంటుందో లేదో అని నడుం మీద చేతులు వేసుకుని చూసేవాడు. మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

"నడిచేదాన్ని ఎందుకాపుతారు బాబాయ్?" అని అడిగాను.

"అది ఎప్పుడో ఆగిపోద్ది కదమ్మా. నాను లేనప్పుడు ఆగితే ఏటి సేత్తారు మీరు? అందుకే నాను పక్కనున్నప్పుడే ఆపి సూత్తన్నాను."

నాకది తెగ నచ్చేసింది. నా దగ్గరా రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి ఆగితే రెండోది అందుకోవాలి. ఒక సోమవారం పొద్దున్న పదింటికి ఆయన్ని పక్కన నిలబెట్టుకుని మొదటిదాని వైరు లాగేశాను.

రెండోది ఉలకలేదు, పలకలేదు. కాటా మీద ఒక లారీ, దాని వెనక ఇంకోటి, గేటు దాటి రోడ్డు దాకా ఒకటే హారన్లు. ఆయన బల్ల కిందికి దూరాడు, కాసేపటికి బయటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

అంతకుముందు దసరాకి మా సెక్షన్‌లో ఆయుధపూజ ఘనంగా చేశాం. కంప్యూటర్లకి బొట్లు పెట్టాం, దండలు వేశాం, అమ్మవారి పటం చుట్టూ సీరియల్ లైట్లు కట్టాం. వాటికి ప్లగ్గు చాలక స్టాండ్‌బై కంప్యూటర్ ప్లగ్గు పీకాం. పండగయ్యాక లైట్లు తీసి అట్టపెట్టెలో దాచాం గానీ ప్లగ్గు తిరిగి పెట్టలేదు. మూడు నెలలుగా అది బొట్టుతో సహా నిద్రపోతోంది. పీకిన చెయ్యి నాదే.

"బొట్టెట్టారు, దండేసారు. కరెంటెట్టడం మర్సిపోయారు!" అన్నాడాయన.

ఆ రోజు మేనేజరు చేత తిన్న చీవాట్లు ఇప్పటికీ అరగలేదు. అయినా మొదటి సోమవారం పరీక్ష మానలేదు. నెగ్గితే పంపుల షెడ్డులో మిరపకాయ బజ్జీలు. ఓడినా బజ్జీలే. అంత సంతోషంగా నేనింకే ఉద్యోగమూ చెయ్యలేదు.

నేనా వ్యాసం రాసిన నెలాఖరుకే ఆయన రిటైర్మెంటు. ఇన్నేళ్లు చేసిన పనికి విజ్ఞాన సర్వస్వంలో ఒక పుట ఉందని చూపించి ఆయన్ని సాగనంపాలని నా ఆశ. ప్రతిపాదించిన సభ్యుడేమో, "పాత మరమ్మతు పనికి కొత్త పేరు. అచ్చయిన ఆధారాలు చూపండి" అన్నాడు. ఉప్పు చేపకున్న పాటి విలువ దీనికి లేదా అని దులిపేశాను. "ఉప్పు చేపల మీద మూడు పుస్తకాలున్నాయండీ" అని మర్యాదగా జవాబిచ్చాడు.

లైబ్రరీకి పరుగెత్తాను. పేలిపోయిన బాయిలర్ల మీద, కూలిపోయిన వంతెనల మీద పుస్తకాలున్నాయి. ఆగకుండా చూసినవాళ్ల మీద ఒక్కటీ లేదు. వాళ్లున్న చోట ఏమీ జరగదు కదా, ఎవరేం రాస్తారు? కోపం చల్లారాక అతను అడిగింది న్యాయమేనని నాకూ అనిపించింది. ఆధారం లేకుండా నా మాటను ఎవరైనా ఎందుకు నమ్మాలి?

ఏడో రోజు వ్యాసం తీసేశారు. ఖాళీ పుట చూసి ఏడ్చాను. నా పేరు మీదుండే చర్చా పేజీలో మాత్రం అతని ఉత్తరం ఉంది.

మర్నాడే రిటైర్మెంటు సభ, పంపుల షెడ్డులో. దండలతో కుర్చీలో కూర్చున్న ఆయన దగ్గరికెళ్లి, "మన పని మీద నేను రాసిన పుట పోయింది బాబాయ్" అన్నాను.

"పోతే పోయింది. సేతిలో ఆ కాయితం ఏటి?"

ప్రింటు తీసిన ఉత్తరం చదివాను. "తొలగించినందుకు మన్నించండి, నియమం నియమమే. నేనొక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాను. మీ వ్యాసం చదివాక, నేను పక్కనుండగానే మొదటి యంత్రాన్ని ఆపి చూశాను. రెండోది అందుకోలేదు. బాగుచేసి ఈ ఉదయం మళ్లీ ఆపాను. అందుకుంది."

"ఇంకోపాలి సదువు" అన్నాడాయన. చదివాను. కళ్లు తుడుచుకుని, "ఆసుపత్రంట్రా!" అని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పాడు.

"జవాబు రాత్తావా అమ్మా?"

"రాస్తాను. ఏం రాయమంటారు?"

మెడలో దండలు పక్కకి జరుపుకుని ముందుకు వంగాడు.

"ఒకపాలి సూసి ఒగ్గేయొద్దని రాయి. నెల నెలా ఆపి సూడమను."