వెర్నా అమ్మమ్మ వేసిన తాళం

రాజధాని బిస్మార్క్‌లో రాష్ట్ర ప్రభుత్వపు కంప్యూటర్లకీ ఖజానాకీ ముప్ఫై ఒక్క ఏళ్లుగా పెద్దదిక్కు వెర్నా హౌగెన్. ఇంట్లో మాత్రం టీవీ రిమోట్ నొక్కడానికి మనవల్ని కేకేసే అమ్మమ్మ.

ఆఫీసులో ఆవిడ పెట్టిన చట్టం ఒకటుంది. ఏడాది లెక్కలు ముగించే రోజులు కాబట్టి, జూన్ ఆఖరి వారం నుంచి జూలై పదిహేను దాకా కంప్యూటర్లలో ఏ మార్పూ చేయకూడదు. తప్పదంటే ఆవిడ సంతకం కావాలి. ఆ సంతకం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఆవిడ డిప్యూటీ కర్టిస్ భార్య కూడా అక్కడే పనిచేస్తుంది. ఆ రోజుల్లోనే పెళ్లయి, మారిన ఇంటిపేరు జీతం చెక్కు మీద చూసుకోవడానికి ఆ పిల్లకి మూడు వారాలు పట్టింది.

జూన్ ముప్ఫైన వెర్నా రిటైర్మెంట్. మర్నాడు పొద్దున్నే చేపలవేటకు చెరువుకు వస్తానని భర్త ఆర్విల్‌కు మాటిచ్చింది. ఆయన ఆ మాట కోసం ముప్ఫై ఒక్క వేసవులు ఎదురుచూశాడు. పడవ అప్పటికే ట్రక్కుకు తగిలించి ఉంది.

రెండు రోజుల ముందు కర్టిస్ తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వెర్నా గారూ, చిన్న చిక్కు. చెల్లింపులన్నిటికీ ఆఖరి ఆమోదం మీ పేరు మీదే ఉంది. మీరు వెళ్లిపోతే దాన్ని నా పేరుకి మార్చాలి."

"మార్చు."

"అది మార్పే కదండీ."

వెర్నా కాఫీ కప్పు కింద పెట్టింది. రిటైర్మెంట్ తేదీ ఎంచుకున్నది తనే, మార్పులకు తాళం వేసిందీ తనే.

"మినహాయింపు ఫారం ఇలా తే. నా ఫారం మీద నేనే సంతకం పెట్టుకుంటే బాగుండదు, నువ్వు పెట్టు."

'ఆగితే కలిగే నష్టం' అన్న గడిలో ఆవిడ రాసింది: ఆర్విల్‌కు కోపం వస్తుంది.

కర్టిస్ చదివి ఫారం వెనక్కి ఇచ్చేశాడు. "ఇది రాష్ట్రానికి నష్టం కాదండీ. మా ఆవిడకి మీరు చెప్పిన మాటే ఇది."

వెర్నాకు ఒళ్లు మండింది. ఆ వెనకే కాస్త గర్వం కూడా కలిగింది. ఫోన్ చేసి చేపలవేటకు రాలేనని ఆర్విల్‌కు చెప్పింది. "సరేలే. పడవ విప్పేస్తాను," అన్నాడు. ఆవిడ బాధంతా ఆ 'సరేలే' విన్నాకే.

"రిటైర్మెంట్ జూలై పదహారుకి జరపండి," అన్నాడు కర్టిస్. "ఉద్యోగం ఉందంటే సెలవూ ఉన్నట్టే. మీరు సెలవులో ఉంటే డిప్యూటీ ఆమోదం చెల్లుతుంది. అది పాత ఏర్పాటే, మార్పు కాదు."

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ ఆలోచన ఆవిడకు రాలేదు. కంప్యూటర్ వైపు తిరిగి చాలాసేపు వెతికింది.

"కర్టిస్, సెలవు ఎక్కడ అడగాలి?"

"ఈ సెలవుల ఏర్పాటు మీరు కట్టించిందేగా."

"కట్టించాను. వాడానన్నానా?"

అతను వచ్చి చూపించాడు. కారణం అన్న చోట ఆవిడ మళ్లీ ఆర్విల్ అనే రాసింది. ఈసారి నిమిషంలో ఆమోదం వచ్చింది. వెర్నా వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"విప్పేశావా?"

"ఇంకా లేదు," అన్నాడు ఆర్విల్. "నీ సంగతి నాకు తెలీదా? కర్టిస్ ఏదో దారి చూపిస్తాడనీ తెలుసు."