ఏడు శాతం

ఎలక్ట్రానిక్ సిటీకి ఇంకా ఫ్లైఓవర్ లేని రోజుల్లో, ఆ దారిలో జరిగిన గో-కార్ట్ అనే బుల్లి రేసు బండ్ల పోటీకి పేరిచ్చాను. రేసుకు ముందు పెట్టే క్వాలిఫయింగ్‌లో అందరికన్నా వేగంగా చుట్టు తిరిగినవాడి సమయం కన్నా ఏడు శాతానికి మించి ఎక్కువ పడితే రేసులోకి రానివ్వరు. నాకు మించింది. మామగారేమో దొడ్డబళ్ళాపురం నుంచి చుట్టాలను వ్యానులో తెచ్చి కంచె పక్కన కూర్చోబెట్టారు. క్వాలిఫయింగ్‌లో మొదట నిలిచినాయనే నిర్వాహకులతో చెప్పాడు: "ఈయన ఇంట్లోవాళ్లు వచ్చుండారప్పా, చివర్లో నిలబెట్టండి." ఒప్పుకున్నారు. ఆ జాలికే నాకు తల కొట్టేసినట్టయింది.

రేసు సగంలో ఆ మొదటాయన నాకన్నా దాదాపు ఒక చుట్టు అదనంగా తిరిగొచ్చి, నన్ను దాటడానికి నా వెనకే ఉన్నాడు. కంచె దగ్గర్నుంచి చూసేవాళ్లకు ముందున్నది నేనే. "మా అల్లుడే ముందుండాడప్పా" అంటూ మామగారు లేచి చప్పట్లు కొట్టారు.

నేను సిగ్గు లేకుండా చెయ్యి ఊపాను.