బాయిలర్ హౌసులో బిగించిన కిలో బరువు కూలర్

2005 నవంబరులో బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీకి ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. బాయిలర్‌లో నీటి మట్టం, ఆవిరి పీడనం చూపించే కంప్యూటర్ నా బాధ్యత. చెరకు క్రషింగ్ మొదలైన రెండో వారానికే అది వేడెక్కి ఆగిపోసాగింది. గేటు బయట చెరకు బండ్లు బారులు తీరాయి. మిల్లు ఆపే వీలు లేదు.

చీఫ్ ఇంజనీరు హైదరాబాదు నుంచి ఒక పెద్ద కూలర్ తెప్పించారు. కంప్యూటర్ లోపలి ప్రాసెసర్ చిప్పు మీద ఉండే చిన్న ఫ్యాను తీసేసి దాని స్థానంలో పెట్టుకునేది. రాగి గొట్టాలు, వాటికి గుచ్చిన పలుచని అల్యూమినియం రేకులు, దాదాపు కిలో బరువు. కంప్యూటర్ బోర్డుకు దాన్ని పట్టి ఉంచేవి ప్లాస్టిక్ పిన్నులే. పరీక్షించి సాయంత్రానికల్లా రిపోర్టు ఇమ్మన్నారు.

కంప్యూటర్‌ను బల్ల మీద పడుకోబెట్టి మూడు గంటలు నడిపాను. ఎనభై డిగ్రీలు దాటే వేడి యాభై ఆరు దగ్గర నిలిచింది. సంతకం పెట్టబోతుంటే బాయిలర్ అటెండెంట్ యోహాను కూలర్‌ను చేత్తో ఎత్తి చూశాడు.

"సార్, గిది మస్తు బరువున్నది. మన డబ్బా నిలువుగ ఉంటది, గిది పక్కకు ఏలాడుతది. మిల్లు అదురుడుకు గీ ప్లాస్టిక్ పిన్నులు ఆగుతయా?"

తయారుచేసినవాళ్లు ఆ లెక్క చూసుకునే ఉంటారని చెప్పి సంతకం పెట్టాను.

కంప్యూటర్‌ను బాయిలర్ హౌసులో ఎప్పటిలా నిలువుగా పెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం తెర నల్లబడింది. పిన్నులు విరిగి కూలర్ ఊడిపోయింది. బాయిలర్ మండుతూనే ఉంది, లోపల నీరెంతుందో తెలియదు. మట్టం తగ్గితే గొట్టాలు కాలి పగులుతాయి. యోహాను నిచ్చెన మెట్లెక్కి పైనున్న గాజు గొట్టంలో మట్టం చూస్తూ చేత్తో సైగ చేశాడు. నేను కింద నీటి వాల్వు తిప్పాను. నా సహాయకుడు పాత ఫ్యాను పెట్టి కంప్యూటర్‌ను తిరిగి నడిపించేదాకా నలభై నిమిషాలు మేమిద్దరం కళ్లు పక్కకు తిప్పలేదు. నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

అదురు వల్ల జరిగిన ప్రమాదమని రాస్తే సరిపోతుందని చీఫ్ అన్నారు. పరీక్షలో లోపం నాదని, అటెండెంట్ ముందే హెచ్చరించాడని రాశాను. వర్క్‌షాపులో ఇనుప పలక చేయించి, బోర్డు వెనక నుంచి బోల్టులతో కూలర్‌ను బిగించి, డబ్బాను పడుకోబెట్టాం. సీజన్ ముగిసేదాకా అది కదల్లేదు.

నేను చల్లదనాన్ని మాత్రమే కొలిచాను. పరికరం ఎక్కడ, ఏ భంగిమలో, ఎంత అదురులో పనిచేయాలో అక్కడే పరీక్షించనిదే తర్వాత ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు.