ఉప్పు నీళ్ల కొళాయి

మా అత్త బెంగళూరు కాటన్‌పేట ఇల్లు వదిలి హూడిలో మా ఫ్లాట్‌కు వచ్చినప్పుడు, బట్టలు కాక ఆమె వెంట వచ్చినవి రెండే: సున్నపు డబ్బీ, కుండీలో తమలపాకు తీగ. ఆ తీగ మా మామ నాటింది. ఆయన పోయాక కూడా ఆమె బజారులో ఆకు కొని ఎరగదు.

కొన్ని నెలలకు ఆకుల అంచులు మాడడం మొదలైంది. ముందు ముదురాకులు, తర్వాత లేతవి. ఒకరోజు మాడినవన్నీ కోసి ఒళ్లో పెట్టుకుని, "ఈడి నీళ్లు దీనికి పడలేదమ్మా. నాకూ పడేట్లు లేదు" అంది. చింతామణిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోతానని మా ఆయనతో అప్పటికే చెప్పిందట. మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక పేచీ ఉంటుంది, నిజమే. కానీ పేచీ పెట్టుకోవడానికి ఇంట్లో ఆ మనిషి ఉండాలి. ఆమె వెళ్లడం నాకు ఇష్టం లేదు.

నేను పనిచేసేది బొమ్మసంద్ర దగ్గర మొక్కల ల్యాబులో. మా పనే ఉప్పుతో. కాల్షియం పెరిగితే వెలిగేలా తయారుచేసిన మొలకల వేళ్ల మీద ఉప్పునీళ్లు పోస్తాం. కెమెరాలో చూస్తే వేరులో వెలుగు పుట్టి పైకి పాకుతుంది. ఉప్పు వచ్చిందన్న కబురు అదే. ఆ కాల్షియాన్ని ఒక ప్రొటీన్ పసిగట్టి ఇంకోదాన్ని లేపుతుంది. అదేమో లోపలికి వచ్చిన సోడియాన్ని బయటికి తోడే పంపును ఆడిస్తుంది. మట్టిలో కాల్షియం తక్కువైతే సోడియం ఇంకా సులువుగా చొరబడుతుంది. ఇదంతా తెలిసినదాని ఇంట్లోనే తీగ మాడుతోంది. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అని మా ఆయన నవ్వాడు.

ఒక ఆదివారం కింద బేస్‌మెంట్‌లో ఉప్పు మూటలు దించుతుంటే చూశాను. అపార్ట్‌మెంట్ వాటర్ సాఫ్ట్‌నర్ కోసమట. అక్కడే ఆగిపోయాను. అది చేసే పనే అంత: బోరు నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతుంది.

పైకి వెళ్లి, తీగకు ఏ నీళ్లు పోస్తున్నావని అత్తను అడిగాను.

"వంటింట్లో మంచినీళ్లే. బాల్కనీ కొళాయిలో వచ్చేది ఉప్పు నీళ్లు గదా, దాని దగ్గరికే రానియ్యలేదు" అంది.

వంటింటికి వచ్చేది సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన నీళ్లు. బాల్కనీకి వచ్చేది సాఫ్ట్‌నర్ తగలని బోరు నీళ్లు. బెంగళూరులో బోరు నీళ్లను అందరూ ఉప్పు నీళ్లనే అంటారు. నేనూ అంటాను.

ఆ కొళాయి మూతికి కట్టిన తెల్లటి పెచ్చు గీకి ఆమె అరచేతిలో పెట్టాను. "ఇది ఉప్పు కాదత్తా, నీ డబ్బీలో సున్నం జాతే. ఉప్పు కలిసేది వంటింటి నీళ్లల్లో."

ఆమె దాన్ని నలిపి నాలిక కొసన పెట్టుకుంది. ఉప్పగా లేదు. "అయితే ఆకుకు గూడా సున్నం కావాల్నా?" అని అడిగింది. కావాలన్నాను.

అడుగు నుంచి ధారగా కారేదాకా బాల్కనీ నీళ్లతో కుండీని కడిగాం. మాడిన ఆకులు మాడినట్టే రాలిపోయాయి. తర్వాత వచ్చినవి మాత్రం అంచు చెడకుండా విచ్చుకున్నాయి.

మొన్న సాయంత్రం ఆమె రెండాకులు కోసి, సున్నం రాసి, ఒకటి నాకిచ్చింది. సున్నం ఎక్కువై నా నోరు పొక్కింది. ఉమ్మేయడానికి మనసు రాలేదు. ఇంతలో చింతామణి నుంచి ఫోన్. ఎప్పుడు వస్తున్నావని చెల్లెలు అడుగుతోంది.

అత్త ఆకును దవడకు నెట్టుకుని, "ఇప్పట్లో రాను లేమ్మే" అంది. "ఈడి నీళ్లు పడినాయి."